కాంటి పేరుమీద ఒక కితాబు

తెలుగునాటికి వెలుపల జరిగే తెలుగు సభల్లో వక్త ఎవరైనా, విషయం ఏదైనా, పది నిమిషాలు గడిచేసరికి ఒక మాట వచ్చి తీరుతుంది. 15వ శతాబ్దిలో విజయనగరానికి వచ్చిన నికోలో కాంటి అనే ఇటలీ యాత్రికుడు, తెలుగు పదాలు తన భాషలో లాగానే అచ్చులతో ముగియడం గమనించి, ముచ్చటపడి, ఈ భాషను తూర్పుదేశపు ఇటాలియన్ అన్నాడట. సభలో చప్పట్లు మోగుతాయి. కొందరు వక్తలు శతాబ్దిని పదహారు చేస్తారు. కొందరు వర్తకుణ్ణి రాజదూతను చేస్తారు. మాట మాత్రం చెక్కుచెదరదు. పరీక్ష వ్యాసాల్లోనూ అంతే. తెలుగు భాష ప్రాశస్త్యం గురించి రాయమంటే మొదటి పేరాలో కాంటి, చివరి పేరాలో మళ్ళీ కాంటి.

మన పత్రికల్లో పుట చివర ఖాళీ మిగిలితే గీత గీసి, డబ్బా కట్టి వేసే అంశాలు చాలాకాలంగా మూడు రకాలు: మహనీయుల సూక్తులు, సంగీత విశేషాలు, దేశదేశాల వింతలు. కాంటి మాటకు ఈ మూడు డబ్బాల్లోనూ చోటుంది. అది ఒక సూక్తి, నాదమాధుర్యానికి సంబంధించిన సంగతి, పైగా దూరదేశపువాడు మనల్ని మెచ్చుకున్నాడన్న వింత. అందుకే అది అంత బాగా ప్రయాణం చేసింది. డబ్బాలో అచ్చయ్యే మాటకు పుట సంఖ్య ఉండదు, ఎవరూ అడగరు. ఒక డబ్బాలోంచి ఇంకో డబ్బాలోకి నకలు దిగుతుంది. మేమూ చదువుకునే రోజుల్లో దాన్ని నోటుపుస్తకంలో ఎర్రసిరాతో గీత గీసి దాచుకున్నవాళ్ళమే. కనుక ఈ వ్యాసంలో వచ్చే ఎత్తిపొడుపులు ముందుగా మాకే తగులుతాయి.

సాహిత్య విమర్శ అంటే కావ్యాలనూ కథలనూ విమర్శించడమే అనుకోనక్కరలేదు. ఒక జాతి తన గురించి పదేపదే చెప్పుకునే ఒక్క వాక్యం కూడా విమర్శకు తగిన రచనే. ఆ దృష్టితో దీన్ని పరిశీలిద్దాం.

ముందు మనిషి సంగతి. నికోలో కాంటి వెనిస్ రాజ్యానికి చెందిన వర్తకుడు. సుమారు పాతికేళ్ళు పర్షియా, భారతదేశం, సుమత్రా, బర్మా వైపు తిరిగాడు. 1420 ప్రాంతంలో విజయనగరం చూశాడు. ఈ దేశపు స్త్రీనే పెళ్ళాడాడు. తిరుగు దారిలో ప్రాణభయంతో మతం మారవలసి వచ్చింది. ఈజిప్టులో మహామారికి భార్య, ఇద్దరు పిల్లలు పోయారు. స్వదేశం చేరి, మతం విడిచిన పాపానికి పోపు నాలుగో యూజీనియస్‌ను క్షమాపణ కోరితే, పోపు ఆయన అనుభవాలన్నీ తన కార్యదర్శికి ఉన్నవి ఉన్నట్టు చెప్పాలని ప్రాయశ్చిత్తం విధించాడని ప్రసిద్ధి. ఆ కార్యదర్శి పోజియో బ్రాచియోలినీ. 1417లో లుక్రీషియస్ కావ్యపు తాళపత్రం లాంటి పాత ప్రతిని ఒక మఠంలోంచి వెలికితీసిన పండితుడు ఈయనే. చతురోక్తుల సంకలనం ఒకటి కూర్చిన రసికుడూ ఈయనే. అదృష్టం ఎలా తిరగబడుతుందో చెబుతూ లాటిన్‌లో రాసిన పెద్ద గ్రంథంలో, నాలుగో భాగంలో, పోజియో కాంటి కథనాన్ని చేర్చాడు. ఒక విధంగా అది ఆనాటి యూరప్ పాఠకులకు దేశదేశాల వింతల డబ్బా. ఆ డబ్బాలో వింత మనమే!

ఇక ఆ కథనంలో ఏముంది? విజయనగరం చుట్టుకొలత అరవై మైళ్ళని ఉంది. ఆయుధం పట్టగల మగవాళ్ళు తొంభై వేలని ఉంది. రాజుకు పన్నెండు వేలమంది భార్యలని ఉంది. (ఈ అంకెను నమ్మడం నమ్మకపోవడం పాఠకుల ఇష్టం.) పండుగల వర్ణన ఇంతకన్నా విలువైనది. ఒక పండుగలో కుంకుమపువ్వు రంగు నీళ్ళు దారిన పోయేవాళ్ళందరి మీదా చల్లుకుంటారనీ, రాజును రాణిని కూడా వదలరనీ, అందరూ నవ్వుతూ ఆ తడిని భరిస్తారనీ రాశాడు. మన వసంతోత్సవం. ఇంకో పండుగలో లెక్కలేనన్ని నూనె దీపాలు. వేరొక చోట ఊరేగింపు: దేవుణ్ణి నగరంలో ఊరేగించేటప్పుడు రథాల మీద చక్కగా అలంకరించుకున్న యువతులు నిలబడి స్తోత్రాలు పాడతారన్నాడు. అంటే కాంటి మన నేలమీద పాట విన్నాడు. ఏ భాషలో విన్నాడో చెప్పలేదు.

తెలుగును మెచ్చిన వాక్యం ఆ లాటిన్ గ్రంథంలో లేదు. 1857లో హక్లూయిట్ సొసైటీ లండన్‌లో 15వ శతాబ్దపు భారతయాత్రలన్నీ కలిపి అచ్చువేసినప్పుడు కాంటి కథనాన్ని ఇంగ్లీషు చేయించి మొదటిసారి సులువుగా అందేట్టు చేసింది. అందులోనూ లేదు. అచ్చులతో ముగిసే పదాల ముచ్చట లేదు, ఇటాలియన్‌తో పోలిక లేదు, అసలు తెలుగు అన్న పేరే లేదు. కాంటిని దారిలో కలిసి ఆయన చెప్పిన కథలు విడిగా రాసుకున్న స్పెయిన్ యాత్రికుడు పేరో టఫూర్ పుస్తకంలోనూ లేదు. ఆ పుస్తకంలో తూర్పున ఎక్కడో ఉన్న క్రైస్తవ చక్రవర్తి గురించి బోలెడు కబుర్లున్నాయి, మన భాష గురించి ముక్క లేదు.

పుస్తకాలు చూడకపోయినా, ఆ వాక్యాన్ని కాస్త నిదానంగా చదివితే చాలు, అది కాంటి కాలపు మాట కాదని తెలుస్తుంది. 15వ శతాబ్ది తొలిపాదంలో ఇటలీ ఒక దేశం కాదు. వెనిస్, ఫ్లారెన్స్, మిలాన్, నేపుల్స్ ఎవరి రాజ్యం వారిది, ఎవరి పలుకు వారిది. పండితుల రాత లాటిన్. ఏ ప్రాంతపు పలుకు అందరి రాతభాష కావాలన్న తర్కాన్ని బెంబో తన గ్రంథంతో ఒక కొలిక్కి తెచ్చినది 1525లో, కాంటి వచ్చి వెళ్ళిన నూరేళ్ళకు. ఇంకో సంగతి మరీ ముఖ్యం. వెనిస్ వర్తకుల వాడుకలో పదాల చివరి అచ్చులు చాలాచోట్ల రాలిపోతాయి. రొట్టెకు పానె అనేది ఫ్లారెన్స్ మాట. వెనిస్‌లో పాన్. ద్రాక్షసారాకు అక్కడ వీనో, ఇక్కడ విన్. హల్లులతో ముగిసే మాటలు రోజంతా పలికే మనిషి, పదాలన్నీ అచ్చులతో ముగియడమే తన భాష లక్షణమని మురిసిపోయాడని నమ్మమంటారా?

మరి ఇటాలియన్ అంటే తీపి అన్న భావం ఎక్కడిది? ఆపెరాది. పాటతో నడిచే ఈ నాటకం 1600 ప్రాంతంలో ఫ్లారెన్స్‌లో పుట్టింది. 1607లో మాంటువాలో మాంటెవెర్డి రాసిన ఓర్ఫియో ఆడారు. 1637లో వెనిస్‌లో టిక్కెట్టు కొనుక్కుని ఎవరైనా చూడగల మొదటి ఆపెరా నాటకశాల తెరిచారు. అక్కణ్ణించి వియన్నాకు, డ్రెస్డెన్‌కు, లండన్‌కు వెళ్ళింది. ఎక్కడికి వెళ్ళినా ఇటాలియన్‌లోనే వెళ్ళింది. హాండెల్ జర్మనీవాడు, ప్రేక్షకులు ఇంగ్లీషువాళ్ళు, 1711లో లండన్‌లో ఆడిన రినాల్డో ఇటాలియన్‌లో ఉంది. మోజార్ట్ 1786లో వియన్నాలో ఫిగారో పెళ్ళి కథను ఇటాలియన్‌లోనే స్వరపరిచాడు. మన వాగ్గేయకారుల కథ తెలిసిన పాఠకులకు ఇక్కడ ఏదో గుర్తుకు రావాలి. దానికి తరువాత వస్తాము.

ఈ కీర్తికి సిద్ధాంతం కట్టినవాడు రూసో. 1752లో ఇటలీ నుంచి ఒక హాస్య నాటకసమాజం పారిస్ వచ్చి పెర్గొలేసి రాసిన చిన్న ఆపెరా ఆడింది. దాంతో నగరం రెండు పక్షాలైంది. ఫ్రెంచి సంగీతం గొప్పదా, ఇటలీ సంగీతం గొప్పదా? కరపత్రాలు వరదలా వచ్చాయి. 1753లో రూసో ఒక లేఖ ప్రకటించి, సంగీతానికి మూలం భాష అనీ, ఫ్రెంచి భాష పాటకు పనికిరాదనీ, కనుక ఫ్రెంచివారికి సంగీతం లేదు, ఉండబోదనీ తీర్మానించాడు. ఇటాలియన్ మృదువైనది, అచ్చులు నిండినది, కనుక పాట దానిది. ఆపెరా వాద్యగాండ్రు రూసో దిష్టిబొమ్మను తగలబెట్టారని ఆనాటి వార్త. తమాషా ఏమిటంటే, అంతకు ఏడాది ముందే రూసో స్వయంగా ఫ్రెంచిలో ఒక చిన్న ఆపెరా రాసి, స్వరపరిచి, రాజుగారి సమక్షంలో ఆడించి, మెప్పు పొందాడు. 1774లో గ్లుక్ పారిస్‌లో ఫ్రెంచి భాషలోనే గొప్ప ఆపెరా ఆడిస్తే రూసో దాన్నీ మెచ్చుకున్నాడు. భాషే పాటకు కారణమన్న వాదాన్ని ఆ వాది చెవులే ఒప్పుకోలేదన్నమాట. వాదం మాత్రం బతికింది. యూరప్‌లో చదువుకున్నవాడికి తీయని భాష అంటే ఇటాలియన్ గుర్తుకు రావడం అప్పటినుంచీ అలవాటైపోయింది.

ఆ అలవాటును ఓడలో వెంటతెచ్చుకున్నవారు మద్రాసు రాజధానిలో ఉద్యోగాలు చేసిన, మతప్రచారం చేసిన ఇంగ్లీషువాళ్ళు. 19వ శతాబ్దిలో తెలుగు నేర్చుకుని, దాని గురించి రాసిన వారి పుస్తకాల్లో ఈ పోలిక తిరుగుతూ ఉంటుంది, తరచుగా 'అంటారు' అన్న క్రియతో. ఎవరంటారు? కర్త లేడు. కర్త లేని క్రియను ఎక్కువకాలం మోయడం కష్టం. విజయనగరానికి వచ్చిన విదేశీ యాత్రికుల జాబితా మన చరిత్ర పాఠాల్లో సిద్ధంగా ఉంది: కాంటి, అబ్దుర్ రజాక్, పేస్, నూనిజ్. అందులో ముందుగా తగిలే ఇటలీవాడు కాంటి. పొగడ్తకు ఇటలీవాడి నోరు దొరికితే సాక్ష్యం బలపడుతుంది. పైగా నాలుగు వందల ఏళ్ళ ప్రాచీనత ఊరికే కలిసివస్తుంది.

ఆ ఇంగ్లీషు రచయితల్లో తూకం తెలిసినవాడు కాల్డ్వెల్. 1856లో వచ్చిన ఆయన ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణాన్ని మనవాళ్ళు చాలాసార్లు ఉదాహరిస్తారు, శ్రుతిమాధుర్యంలో తెలుగు తక్కిన ద్రావిడ భాషలను మించిందన్నాడని. నిజమే, అన్నాడు. అయితే దానికి ముందు భాగం ఒకటుంది. సాహిత్య ప్రాచీనతలోనూ పదసంపదలోనూ తమిళం తరువాతనే తెలుగు అన్నాడు. ముందు భాగాన్ని తమిళులు చదువుతారు, వెనుక భాగాన్ని మనం చదువుతాము. వాక్యం అందరినీ తృప్తిపరుస్తుంది. ఇక్కడే మాకొక అనుమానం. తీపి అనేది మొదటి బహుమతేనా? పందెంలో రెండోస్థానం వచ్చిన పిల్లకు దస్తూరి బాగుందని విడిగా ఇచ్చే బహుమతి లాంటిది కాదు గదా?

అచ్చుల సంగతికి వద్దాం. తెలుగు అజంత భాష అన్నది మన వ్యాకరణాలు కూడా ఒప్పుకునే సంగతే, కాని కొన్ని మినహాయింపులతో. పుస్తకం, ప్రాణం, గుర్రం, వెళ్దాం, చూస్తాం అన్నవాటి చివర నోరు మూసుకుంటుంది. పద్యభాషలో ద్రుతం ఉంది. వచ్చెన్, నాకున్ అని పొల్లు నకారంతో ముగిసే రూపాలు లేని పద్యం అరుదు. 1858లో చిన్నయసూరి బాలవ్యాకరణం ద్రుతప్రకృతికాలకు ఎంత చోటిచ్చిందో పాఠం చెప్పించుకున్నవారికి తెలుసు. వేగంగా మాట్లాడేటప్పుడు చివరి ఉకారాన్ని సగం మింగేయని తెలుగువాడు ఎక్కడున్నాడు? అటు ఇటాలియన్ కూడా అంత పతివ్రతేమీ కాదు. కాన్, పెర్, నాన్, ఇల్ వంటి నిత్యం వాడే చిన్న మాటలు హల్లులతోనే ముగుస్తాయి. ఆపెరా పాటల్లోనైతే ప్రేమకు, హృదయానికి ఉన్న పూర్తి రూపాలను కత్తిరించి అమోర్, కోర్ అని పాడటం మామూలు. పరాయి మాటల విషయంలో మనమే ఎక్కువ ఆచారవంతులం. బస్సు, కారు, రోడ్డు, పెన్ను అంటూ ప్రతిదానికీ ఒక ఉకారం తగిలించి గాని ఇంట్లోకి రానివ్వము. ఇటలీవాళ్ళు ఫిల్మ్, స్పోర్ట్, బార్ అని ఉన్నదున్నట్టు వాడుకుంటారు.

కర్ణాటకలో చదివే మన విద్యార్థులు ఇంకొకటి గమనించే ఉంటారు. తెలుగు కాలు కన్నడంలోనూ కాలే. మన పాలు అక్కడ హాలు, మన కన్ను అక్కడ కణ్ణు. తమిళంలోనే అవి కాల్, పాల్, కణ్. అచ్చుతో ముగియడమే ఇటాలియన్ కావడానికి అర్హత అయితే పక్కింటి కన్నడానికి ఆ బిరుదు ఎందుకు రాలేదు? కాంటి నిలబడిన హంపీ కన్నడ నేలమీద ఉంది, ఆయన చెవిన కన్నడం పడకుండా ఎలా ఉంటుంది? జపాను భాషలోనూ పదాలు చాలావరకు అచ్చులతోనో, అనునాసికంతోనో ముగుస్తాయి. అదింకా తూర్పున ఉంది.

ఇదంతా పండితుల కాలక్షేపం, ఒక అబద్ధపు పొగడ్త వల్ల పోయేదేముంది అనవచ్చు. పోయేది ఉందని మాకు ఒక సందర్భంలో తెలిసివచ్చింది. హోసూరు వైపు నుంచి వచ్చిన ఒక విద్యార్థిని వ్యాసంలో కాంటి మాటను ముత్యాల్లాంటి అక్షరాలతో రాసింది. మౌఖిక పరీక్షలో మాత్రం నోరు విప్పదు. బుజ్జగించి అడిగితే ఇంగ్లీషులో చెప్పింది. పెళ్ళిళ్ళకు చిత్తూరు వైపు వెళ్ళినప్పుడు చుట్టాలు నవ్వుతారట, నీది అరవయాస అమ్మా, తెలుగులా తియ్యగా లేదు అని. ఆ పిల్ల ఇంట్లో నాలుగైదు తరాలుగా మాట్లాడుతున్నది తెలుగే. షోలాపూరు మగ్గాల వీధుల్లో మరాఠీ కలిసిన తెలుగుకూ, బరంపురంలో ఒడియా పక్కన పెరిగిన తెలుగుకూ, యానాంలో 1954 దాకా ఫ్రెంచి పాలనలో ఉన్న తెలుగుకూ ఇదే తీర్పు ఎప్పుడో ఒకప్పుడు తగిలే ఉంటుంది. తీపిని కొలమానం చేస్తే, ఆ కొలతకు తగనివాళ్ళు ఎవరో వెంటనే తేలిపోతారు. తానిచ్చే చప్పట్లే తనను బయటికి నెడుతున్నాయని ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు సంగీతం. తెలుగు పాటకు తగినది కావడానికి అచ్చులు కారణమా? కొంత అవును. కార్వై నిలపడానికి, సంగతులు వేయడానికి పదం చివర తెరిచిన నోరు సౌకర్యమే. ఈ మాత్రం ఒప్పుకోకపోతే పాడేవాళ్ళు మమ్మల్ని నవ్వుతారు. కాని మ, న, ళ మీద కూడా నాదం నిలుస్తుంది. గోపాలకృష్ణ భారతి, అరుణాచల కవి, పాపనాశం శివన్ తమిళంలో రాసినవి పాటగా ఏం తక్కువైనాయి? తెలుగు కచేరీ భాష కావడానికి కారణం చరిత్రలో ఉంది. విజయనగరం తరువాత తంజావూరును 1673 దాకా ఏలిన నాయకరాజులు తెలుగువారు. ఆ తరువాత వచ్చిన మరాఠా రాజులు కూడా ఆస్థానంలో తెలుగును ఉంచారు. ఆపెరాను ఇటలీ రాజాస్థానాలు మోసినట్టే, పదాన్ని, యక్షగానాన్ని, కృతిని తంజావూరు మోసింది. హాండెల్ లండన్‌లో ఇటాలియన్ పాట కట్టినట్టే ఇంట్లో తమిళం మాట్లాడే స్వరకర్తలు తెలుగులో పాట కట్టారు. పట్నం సుబ్రహ్మణ్య అయ్యర్ ఒక్కరు చాలు ఉదాహరణకు.

ఈ పోలిక ఇంకొంచెం దూరం వెళుతుంది. హాండెల్ ఆపెరా ఆడిన 1711లోనే అడిసన్ అనే రచయిత లండన్ పత్రికలో వెక్కిరించాడు: తమకు తెలియని భాషలో ఆడే నాటకానికి ఇంగ్లీషువాళ్ళు సొంత ఊళ్ళోనే పరాయివాళ్ళలా ఎందుకు కూచున్నారని ముందు తరాలు ఆశ్చర్యపోతాయని. 1940 దశకంలో తమిళనాట వచ్చిన తమిళ ఇసై ఉద్యమం అడిగింది కూడా ఇదే ప్రశ్న. రాజా అన్నామలై చెట్టియార్ ముందు నిలిచారు, 1943లో మద్రాసులో తమిళ ఇసై సంఘం ఏర్పడింది. పాడేది వినేవాళ్ళకు అర్థం కావాలన్న కోరిక న్యాయమైనదే. దానికి ఇప్పటికీ మనవైపు నుంచి వినిపించే జవాబు, తెలుగు తీయనిది గనుక అర్థం కాకపోయినా ఫరవాలేదు అన్నది. ఇంతకన్నా బలహీనమైన జవాబు మేము వినలేదు. తీయగా ఉంది అనేది తరచుగా మాట తెలియని శ్రోత ఇచ్చే మెప్పు. తెలిసినవాడు ఇంకేదో మెచ్చుకుంటాడు, లేదా పోట్లాడతాడు.

త్యాగరాజును తెలిసి విన్నవాళ్ళు ఏం మెచ్చుకుంటారు? ఆ మాట తీరును. ఇంట్లో పెద్దవాడితో తగవు పెట్టుకున్నట్టు రాముణ్ణి నిలదీస్తాడు, దెప్పుతాడు, అలుగుతాడు. సామెతలు వేస్తాడు. ఎదుటివాడు జవాబు చెప్పలేదని ఇంకో ప్రశ్న వేస్తాడు. అది కావ్యభాష కాదు, తిరువయ్యారులో కావేరి గట్టున మాట్లాడిన తెలుగు. 1767లో తిరువారూరులో పుట్టి, తరాల కిందట వలసవెళ్ళిన తెలుగు కుటుంబంలో పెరిగి, 1847లో తిరువయ్యారులోనే పోయిన మనిషి. యాత్రలకు తిరుపతి దాకా వచ్చాడేమో గాని, గోదావరి కృష్ణల మధ్య కాపురం ఉన్నవాడు కాడు. ఆయన ప్రయోగాల్లో వ్యాకరణదోషాలు లెక్కపెట్టిన పండితులు లేకపోలేదు. వారి లెక్కలు ఎవరికీ గుర్తు లేవు. శ్యామశాస్త్రి అంతే, తంజావూరువాడు. క్షేత్రయ్య పదాలు కట్టడమే కాదు, నిలవడం కూడా దక్షిణాదినే. మద్రాసులో వీణ ధనమ్మాళ్ ఇంట అవి రెండు మూడు తరాలు ఒకరి నోటినుంచి ఒకరికి చేరాయి. ఆమె మనుమరాలు బాలసరస్వతి అభినయంలో ఒక్క పదం ఎన్ని విధాల అర్థమిస్తుందో చూసినవాళ్ళు రాసిపెట్టారు. అక్కడ కేవలం తీపి అనే మాటకు పని లేదు. ఆ నాయిక వెటకారం, అలసట, లోకజ్ఞానం తెలియకపోతే అభినయం ఒక్క అడుగు ముందుకు వేయదు.

ప్రపంచం కచేరీల్లో వింటున్న తెలుగు చాలావరకు తెలుగునాటికి వెలుపల తయారైన తెలుగు. మేము దీన్ని కొత్తగా కనిపెట్టలేదు. కాని కాంటి మాట వేసిన చోటల్లా ఈ సంగతికి చోటు మిగలడం లేదు. పొగడ్తే కావాలంటే చిరునామా ఉన్నవి లేవా? కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యద మొదటి ఆశ్వాసంలో తెలుగును మెచ్చిన పద్యం అందరికీ వచ్చు. పుస్తకం ఉంది, పద్యం ఉంది, చెప్పిన సందర్భం ఉంది. అందులో రాజు తీపి గురించి మాట్లాడలేదన్నది కూడా గమనించండి. పలు భాషల వారితో మాట్లాడి చూసిన పాలకుడి మాటగా ఆ మెప్పు వస్తుంది. సుబ్రహ్మణ్య భారతి తమిళంలో రాసిన దేశభక్తి గీతంలో సింధు నది మీద తెలుగులో పాట కట్టి పాడుకోవాలని కోరుకున్నాడు. అదీ అచ్చులో ఉంది. ఆయన పొరుగువాడు, భాష చెవిన పడ్డవాడు. ఇటలీ దాకా పోనక్కరలేదు.

కాంటిని పూర్తిగా విడిచిపెట్టమని మేము అనము. ఆయన అనని మాటను వదిలి, చూసినదాన్ని పట్టుకోవచ్చు. ఆ రథాల మీది యువతులు ఏం పాడి ఉంటారు? కన్నడమా, తెలుగా, సంస్కృతమా, ఒక వీధిలో ఒకటి, ఇంకో వీధిలో ఇంకొకటా? 15వ శతాబ్ది తొలినాళ్ళ శాసనాలు, విరూపాక్షాలయ సేవల వివరాలు, ఆ కాలపు కన్నడ తెలుగు కావ్యాల్లోని ఊరేగింపు వర్ణనలు పక్కపక్కన పెట్టి చూడవలసిన పని. రెండు భాషలూ ఇంట్లోనే వచ్చినవారికి తప్ప ఇది చేతకాదు. బళ్ళారి, హోస్పేట వైపు విద్యార్థులు దీనికి పుట్టుకతోనే సిద్ధపడి ఉన్నారు. పరిశోధనకు అంశం దొరకలేదని తిరిగేవారు మా గదికి ఒకసారి రావలసింది.

ఆ హోసూరు అమ్మాయి సంగతి చెప్పడం మరిచాము. మరుసటి పరీక్షలో ఆమెను కాంటి గురించి అడగలేదు. వాళ్ళ ఇంట్లో అమ్మమ్మ కోపం వస్తే ఏమంటుందో చెప్పమన్నాము. ఇరవై నిమిషాలు చెప్పింది. అందులో సగం మాటలు మా నిఘంటువుల్లో లేవు. రాసుకోవడానికి మా పక్కనున్న పరీక్షకుడు కాగితం అడిగాడు.

పత్రికకు సూక్తులు, సంగీత విశేషాలు, దేశదేశాల వింతలు పంపే పాఠకులకు ఒక విన్నపం. ఇకమీదట ఆ డబ్బాల్లోకి వచ్చే ప్రతి మాట కింద పుస్తకం పేరు, అచ్చయిన సంవత్సరం, పుట సంఖ్య ఉండాలి. కాంటి మాటను పుట సంఖ్యతో సహా పంపగలిగినవారెవరైనా ఉంటే, దాన్ని డబ్బాలో కాదు, ముఖచిత్రం మీదనే వేస్తాము. ఈ వ్యాసాన్ని దాని పక్కనే పెట్టి, మా తప్పు ఒప్పుకుంటాము.